చిక్కుడు పాదుకి చీకటి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉంటుందని నాకు తెలియదు. ముప్ఫై నిండని వయసు, పెళ్ళయి రెండేళ్ళు, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో కొత్తగా కొన్న ఇల్లు, కార్ల హెడ్‌లైట్లు టెస్ట్ చేసే ఉద్యోగం. వెలుతురు గురించి ఎవరడిగినా, అడక్కపోయినా, అరగంటకి తగ్గకుండా చెప్పేవాణ్ణి. (ఆ అరగంటలో మా ఆవిడ బట్టలన్నీ మడతపెట్టేసుకునేది.) అలాంటివాడి చేతికి పెరడు దొరికితే ఏమవుతుందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ ఏడాది మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

సంగతేమిటంటే, మా అత్తయ్యగారు పోయిన మరుసటి ఏడు మా ఆవిడ ఊరెళ్ళి వస్తూ ఆరు చిక్కుడు గింజలు తెచ్చుకుంది. అత్తయ్యగారు ఏటా పాదు పెట్టి, ముదిరిన కాయలు ఎండబెట్టి, పౌడర్ డబ్బాలో దాచుకుంటూ వచ్చిన విత్తనం అది. "డబ్బాలో మిగిలినవి ఇవేనమ్మా. నాకు పాదు చూసుకునే ఓపిక లేదు. మీ పెరట్లో బతుకుతాయేమో చూడండి" అని మామయ్యగారు చేతిలో పెట్టారట. "మూడు పెట్టి మూడు ఉంచుదాం" అంది మా ఆవిడ. "ఇంత చలిదేశంలో మూడు పెడితే ఒకటి కూడా మొలవదు, అన్నీ పెట్టాలి" అని నేను ఆరింటినీ పెరుగు కప్పుల్లో మట్టి పోసి కిటికీలో పెట్టేశాను. బయట ఏప్రిల్ మంచు పడుతుంటే లోపల ఆరూ మొలిచాయి. నేను చెప్పలేదూ అని వారం రోజులు ఇంట్లో కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

మే నెలాఖరుకి నేల వేడెక్కాక ఇంటి వెనక చెక్క డెక్ పక్కన నాటాను. ఇక చూసుకోండి. జూలైకి రెయిలింగంతా అల్లుకుంది, చూరు గట్టర్ పట్టుకుని పైకెక్కింది, పక్కింటి ముసలాయన మేపుల్ చెట్టు మీద చెయ్యి వేసింది. ఆకులు అరచేతులంత. పువ్వు మాత్రం ఒక్కటి లేదు. ఆగస్టు సగమయ్యేసరికి నాకు భయం పట్టుకుంది. అక్టోబర్‌లో నీళ్ళు గడ్డకట్టే ఫ్రాస్ట్ పడితే ఒక్క రాత్రిలో పాదు నల్లగా మాడిపోతుంది, అత్తయ్యగారి విత్తనం అంతటితో సరి. బాగా ఆలోచించి, మిషిగన్‌లో దీనికి వెలుతురు చాలడం లేదని తేల్చాను. గరాజ్‌లోంచి పాత రకం, ముట్టుకుంటే వేడిగా ఉండే క్రిస్మస్ బల్బుల దండలు నాలుగు తీసి, పాదంతా చుట్టి, పొద్దు వాలింది మొదలు తెల్లారేదాకా వెలిగేలా ఫోన్‌తో నడిచే ప్లగ్గుకి కనెక్ట్ చేశాను.

ఆగస్టు ఆఖరున మామయ్యగారు వచ్చారు, మూడు నెలలు ఉండేలా. లైన్‌మాన్‌గా పనిచేసి రిటైరయిన మనిషి, మాటలు తక్కువ. కాఫీ తాగకుండానే డెక్ మీదికి వెళ్ళి ఒక ఆకు పట్టుకుని చూశారు. "బాగా పెంచారు అల్లుడుగారూ. విత్తనానికి ఎన్ని ఉంచారు?" అన్నారు. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ ఆకాశం వైపు చూసింది. "ఉంచలేదండీ" అన్నాను. ఆయన ఆకు వదిలేశారు. "అయితే ఇది కాయాలి" అన్నారు. తిట్టినా బావుండేది.

ఆ సాయంత్రమే లైట్లు ఆరిపోయి ఉన్నాయి. వేశాను. మర్నాడూ ఆరిపోయి ఉన్నాయి. "రాత్రిపూట దానికి లైటెందుకండీ, కాసేపు పడుకోనివ్వండి" అన్నారు మామయ్యగారు. ఆయనకి నా అరగంటా చెప్పాను. ఎండ, ఆకు, శక్తి, పువ్వు, బొమ్మ గీసి మరీ. ఓపిగ్గా విని, "మీరు లైట్ల ఇంజనీరు. నేను స్తంభాలెక్కినవాణ్ణి" అని ఊరుకున్నారు. కరెంటాఫీసు మనిషి కదా, లైటు వెలుగుతుంటే చూడలేరు, అదొక అలవాటు అనుకున్నాను. (ఫ్రిజ్ తలుపు మూశాక లోపలి లైటు నిజంగా ఆరుతుందా అని నన్ను రెండుసార్లు అడిగారు.)

ఇంతలో ఆఫీసువాళ్ళు హెడ్‌లైట్ల టెస్టింగ్‌కని మూడు వారాలు నన్ను అరిజోనా ఎడారికి పంపారు. అక్కణ్ణించి రోజూ పొద్దువాలగానే ఫోన్ తీసి బటన్ నొక్కేవాణ్ణి. 'డివైస్ ఆఫ్‌లైన్' అని వచ్చేది. మళ్ళీ నొక్కేవాణ్ణి. "వైఫై సరిగ్గా లేదా?" అని మా ఆవిణ్ణి అడిగితే, "వైఫై బాగానే ఉంది, నాన్న కూడా బాగానే ఉన్నారు" అనేది. ఆ రెండింటికీ ఏం సంబంధమో నాకు వెలగలేదు.

సెప్టెంబర్ చివర్లో తిరిగొచ్చి, సూట్‌కేస్ గుమ్మంలో వదిలేసి పెరట్లోకి వెళ్ళాను. పాదంతా పూత. రెయిలింగ్ మీద, గట్టర్ దగ్గర, మేపుల్ కొమ్మ మీద, ఎక్కడ చూసినా ఊదారంగు పూగుత్తులు నిటారుగా నిలబడి ఉన్నాయి. తేనెటీగలు నన్ను లెక్కచేయలేదు. కుర్చీలో కూర్చున్న మామయ్యగారు, "బేస్‌మెంట్‌లో మెయిన్ దగ్గర ఆ లైనొక్కటి ఆపేశానండీ" అన్నారు, నేరం ఒప్పుకుంటున్నట్టు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. వాళ్ళ పందిరి పక్కనే ఆయన బిగించిన వీధి లైటు ఉండేదట. లైటు పడినవైపు పూత రాలేదట. "మీ అత్తయ్య పది రోజులు నాతో మాట్లాడలేదు. ఆఖరికి నేనే స్తంభమెక్కి పాదు మీద పడకుండా లైటుకి రేకు అడ్డం కట్టాను. చిక్కుడు రాత్రి పొడుగవడం చూసుకుని పూస్తుందండీ." "మరి నాకు చెప్పలేదేం?" అన్నాను. "చెప్పాను కదండీ, పడుకోనివ్వమని."

తర్వాత చదివి చూస్తే అక్షరాలా నిజం. రాత్రి ఎంతసేపుందో ఆకు కొలుస్తుందట. మా ల్యాబ్‌లో గది నిండా మీటర్లు పెట్టుకుని మేం కొలిచేదాన్ని, కన్నూ గడియారమూ లేని ఒక ఆకు ఊరికే కొమ్మన కూర్చుని కొలుస్తోంది. ఎక్కడి చిక్కుడు, ఎక్కడి మిషిగన్! సముద్రాలు దాటి వచ్చినా రాత్రిని గుర్తుపట్టింది. నేను మాత్రం మూడు వారాలు ఎడారి చీకట్లో నిలబడి దాని గురించి ఏమీ నేర్చుకోలేదు. సిగ్గేసింది, దండం కూడా పెట్టాలనిపించింది.

అక్టోబర్ సగంలో, కాయల్లో గింజ పడుతుండగా, రాత్రికి ఫ్రాస్ట్ అని ఫోన్ చెప్పింది. నా మొహం చూసి మామయ్యగారు లేచారు. "ఇప్పుడు వేయండి అల్లుడుగారూ మీ లైట్లు. పూత పని అయిపోయింది, ఇప్పుడు వేడి కావాలి." ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ, చాలక ఆయన పంచెలు రెండూ పాదుకి కప్పి, లోపల బల్బులు వెలిగించాం. పొద్దున్నే చూస్తే గడ్డి తెల్లగా బిగుసుకుపోయింది, పక్కింటాయన టమాటాలు నల్లబడ్డాయి. పంచె ఎత్తి చూస్తే మా చిక్కుడు పచ్చగా, వెచ్చగా ఉంది. చలి ముదిరిన ప్రతి సాయంత్రం అదే పని. నెలాఖరుకి కాయలతో సహా తీగలు కోసి బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు పక్కన వేలాడదీశాం.

ప్రయాణానికి ముందురోజు మామయ్యగారు నేల మీద కూర్చుని ఎండిన కాయలు వలిచారు. ఒక్కో గింజనీ గోటితో నొక్కి చూసి, మంచివి పక్కన పెట్టారు. అప్పుడు సూట్‌కేస్‌లోంచి పౌడర్ డబ్బా తీశారు. అత్తయ్యగారిది, ఖాళీది. వచ్చేటప్పుడే తెచ్చుకున్నారట. ఆ ఖాళీ డబ్బా సూట్‌కేస్‌లో పెట్టుకుని, మొదటి రోజుల్లో నేను వేసే ఆ లైట్లు చూస్తూ ఎలా కూర్చున్నారో నాకిప్పటికీ అర్థం కాదు. సగం అందులో పోసుకుని, సగం మా ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ పిడికిలి మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఏటా ఆగస్టు నుంచి మా పెరట్లో చీకటి. పగలంతా ఆఫీసులో లైట్లని ఇంకా ప్రకాశవంతం చేసి, ఇంటికొచ్చి డెక్ లైటు ఆర్పి, వంటింటి కర్టెన్ కూడా లాగేస్తాను. వీడియో కాల్‌లో మామయ్యగారి మొదటి ప్రశ్న, "ఆర్పారా అల్లుడుగారూ?" "ఆర్పానండీ" అంటాను. అప్పుడప్పుడు ఆ చీకట్లో కాసేపు నిలబడితే, ఎక్కడో ఎడారిలో, ఇన్ని మైళ్ళ దూరాన నిద్రపోతున్న పాదుని లేపడానికి పట్టు వదలకుండా బటన్ నొక్కుతున్న కుర్రాడొకడు గుర్తొస్తాడు. వాణ్ణి చూస్తే కోపం రాదు. పడుకోరా అబ్బాయ్, అనాలనిపిస్తుంది.