కువైట్ గీసింది నేను కాదు

మా మండలంలో ఉపాధ్యాయులు ఎక్కడ కలిసినా "కువైట్ ఆట కనిపెట్టిన సారు మీరే కదా" అని పలకరిస్తారు. ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తే తప్ప ఈ పేరు నన్ను వదిలేలా లేదు.

కదిరికి దగ్గర్లో ఒక చిన్న ఊళ్లో ప్రాథమిక పాఠశాల మాది. వేరే దేశాల గురించి పాఠంలా చెబితే పిల్లలు ఆవలిస్తారని, ఆటగా చెప్పాలనుకున్నాను. బడి ముందు నేల మీద సుద్దతో పెద్ద పెద్ద గుండ్రాలు గీశాను. ఒకటి జపాన్, ఒకటి బ్రెజిల్, ఒకటి ఈజిప్టు. నేను ఈల వేయగానే పిల్లలు జట్లుగా పరుగెత్తి ఏదో ఒక దేశంలో దూరాలి. అక్కడి మనుషులు చేసేది ఏదైనా చేసి చూపించాలి. జపాన్‌లో పడ్డవాళ్లు వంగి వంగి దండాలు పెట్టుకుంటూ తలలు గుద్దుకున్నారు. బ్రెజిల్‌లో అందరూ బంతి తన్నేవాళ్లే, ఆపేవాడు లేడు. ఈజిప్టులో ఒంటె నేనంటే నేనని ఇద్దరు కలబడ్డారు. నాకు భలే ముచ్చటేసింది.

వాళ్లకు మాత్రం ఒక సందేహం తీరలేదు. ఏ దేశంలో నిలబెట్టినా "ఈడ మనోళ్లు ఎవురుండారు సార్?" అని అడిగేవాళ్లు. జపాన్‌లో మనోళ్లు ఎవరూ లేరన్నాను. అట్లయితే అక్కడికి పోయి ఏం చేయాలన్నారు.

అప్పుడు మూడో తరగతి పిల్ల ఒకతె ముందుకొచ్చింది.

"కువైట్ గీయండి సార్. మా అమ్మ ఆడుండాది."

వాళ్లమ్మ అక్కడ ఒక ఇంట్లో వంట చేస్తుంది. వేరుశనగ ఎండిపోయిన ఏడు వెళ్లింది. అలా వెళ్లినవాళ్లు మా ఊళ్లో వీధికొకరైనా ఉంటారు. అదంతా తెలిసే నేను వద్దన్నాను. అది పనికి పోయే దేశం, మనం నేర్చుకునే దేశాలు వేరే అన్నాను. అమ్మ ఉన్న చోటు దేశాల లెక్కలోకి రాదని సారే చెప్పాక ఆ పిల్ల ఇంకేమడుగుతుంది? వెళ్లి ఈజిప్టులో నిలబడింది.

మరుసటి రోజు విరామంలో కుళాయి పక్కన పెంకు ముక్కతో తనే ఒక గుండ్రం గీసుకుంది. కాసేపటికి నా జపాన్ ఖాళీ అయింది, బ్రెజిల్ కూడా. పిల్లలంతా కువైట్ వాకిట్లో వరుస కట్టారు. విమానం దిగినవాళ్ల పుస్తకం మీద ఒకడు పిడికిలితో ముద్ర గుద్దుతున్నాడు. లోపల ఇంటి యజమానురాలైన పిల్ల చప్పట్లు కొడుతూ "యల్లా, యల్లా" అని అందరినీ తొందరపెడుతోంది. గీత బయట ఉన్నవాళ్లది మన ఊరు. పలకను ఫోనులా పట్టుకుని లోపలివాళ్లు "తిన్న్యారా? వాన పడిందా?" అంటే, బయటివాళ్లు, మేకలైన పిల్లలతో సహా, ముక్తకంఠంతో "పడలే" అంటున్నారు. ఇంటికి వచ్చేటప్పుడు తెచ్చే పెద్ద అట్టపెట్టె కావాలి కాబట్టి ఒక పిల్లవాడు ముడుచుకుని పెట్టె అయ్యాడు. ఊరంతా మూగి ఏం తెచ్చారని అడిగేసరికి, ఆ పెట్టే నోరు తెరిచి "నాలో దుప్పటి ఉండాది" అంది.

సరిగ్గా ఆ వారమే తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. ఆ ఆట చూసి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. ఈ ఆలోచన ఎవరిదని అడిగాడు. ఆ పిల్ల నా పక్కనే ఉంది. నాదేనండి అన్నాను. తర్వాత మండల సమావేశంలో నిలబెట్టి మాట్లాడమంటే, కదిరి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు తట్టిందని కూడా చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

కొన్ని నెలలకు వాళ్లమ్మ సెలవు మీద వచ్చింది. కూతురు ఆమెను చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చింది.

"కువైట్‌ను గూడా ఆటలో పెట్టినారంట సార్, శానా సంతోషం" అందామె.

పిల్ల నా మొహం వైపే చూస్తోంది. ఇప్పుడు కూడా నవ్వి ఊరుకుంటే, రేపటి నుంచి నేను బోర్డు మీద రాసే ఏ మాటనూ ఈ పిల్ల నమ్మదని అర్థమైంది.

"పెట్టింది నేను కాదమ్మా. నేను వద్దన్నాను. మీ పాపే గీసుకుంది. ఆఫీసరు అడిగితే నాదని అబద్ధం చెప్పినాను."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "తెల్సు సార్. ఆ పొద్దే ఫోన్లో అంతా చెప్పింది. మీరేమంటారో చూద్దామనే వచ్చినా."

పిల్ల నవ్వలేదు. "ఆఫీసరుకు గూడా చెప్తారా సార్?" అని అడిగింది. చెప్తానన్నాను. ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను. ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. మిగిలింది మా మండలం వాళ్లు, వాళ్ల కోసమే ఇది.

చెప్తాననగానే పిల్ల మొహం విచ్చుకుంది. నేను ఇంతవరకు కువైట్‌లో అడుగే పెట్టలేదని గుర్తుచేసి కుళాయి దగ్గరికి లాక్కెళ్లింది. వరుసలో నిలబడ్డాను. ముద్ర వేసేవాడు నన్ను కిందికీ పైకీ చూసి ఏం పని తెలుసన్నాడు. పాఠాలు చెబుతానన్నాను. ఆ పని లేదన్నాడు. వంట వచ్చా అన్నాడు. రాదన్నాను.

"అయితే ఎనక్కి పోండి" అని పుస్తకం మూశాడు.

"రానీరా" అంది నా వెనక నుంచి ఆ పిల్ల. "నేర్చుకుంటాడులే."

లోపల నాకు అంట్లు తోమే పని పడింది.