బోరు మోటారుకు కాపలా

మొన్న మా అపార్ట్‌మెంటు బోరుకు కొత్త పెట్టె బిగించారు. నీళ్లు అడుగంటితే మోటారు దానంతటదే ఆగిపోతుందట. ఎలక్ట్రీషియను గొప్పగా చెబుతుంటే నాకు అశోక్‌నగర్‌లో మేం అద్దెకున్న ఇంటాయన గుర్తొచ్చారు. ఆ పని ఆయన చెవులతో చేసేవారు.

అరవై తొమ్మిదిలో, పెళ్లయిన కొత్తలో, గోదావరి వైపు నుంచి ఆ ఇంటికి కాపురానికొచ్చాను. ముందు వాటాలో ఇంటివాళ్లు, వెనక వాటాలో మేము. ఆయన సర్కారు కొలువు చేసి రిటైరైన తెలంగాణ మనిషి. నేను బాబాయిగారనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవారు. పెరట్లో బోరు, దాని పక్కన రేకుల నీడలో మోటారు. ఎండాకాలం పావుగంట నీళ్లిచ్చి, ఆపైన గాలి పీల్చేది. అలా ఉత్తగా తిరిగితే పంపు బిగుసుకుపోయి మోటారు కాలిపోతుంది. అందుకని బాబాయిగారు ముక్కాలిపీట వేసుకుని, ఉర్దూ పత్రిక పట్టుకుని పక్కనే కూర్చునేవారు. కళ్లు పత్రిక మీద, చెవి మోటారు మీద. దాని గొంతు కాస్త మారిందో లేదో చెయ్యి స్విచ్చి మీదికి పోయేది. "నేను పిలిస్తె ఇనబడదు గని, మోటర్ దగ్గితె ఇనబడ్తది" అని ఆయన భార్య, మా పిన్నిగారు, ఎత్తిపొడిచేవారు. ఆయన ఆ మాటకి మురిసిపోయేవారు.

ఆ ఏడే ప్రత్యేక తెలంగాణ ఉద్యమం. బందులు, కర్ఫ్యూలు. మావారు ఆఫీసు నుంచి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడి ఉండేదాన్ని. నోరు విప్పితే యాస తెలిసిపోతుందని కూరగాయల బండి దగ్గర వేలుపెట్టి చూపించి కొనుక్కునేదాన్ని. వీధిలో మావైపు వాళ్లు ఒకరిద్దరు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఇంటివాళ్లు మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. ఎప్పుడంటారోనని నా భయం.

ఒకరోజు ఉదయం కవాడిగూడలో కూతురికి జ్వరమని కబురొచ్చి ఇద్దరూ హడావిడిగా బయల్దేరారు. "మోటర్ నడుస్తున్నది బిడ్డా, జర చూస్తుండు. గొంతు మారంగనే బంద్ చెయ్యి" అని బాబాయిగారు పీట నాకు అప్పగించారు. అంతలో పోస్టుమాన్ అమ్మ రాసిన ఉత్తరం తెచ్చాడు. ఆ ఊళ్లో ఇంక ఉండొద్దు, వచ్చెయ్యండని రాసింది. చదివి ఏడ్చాను, మళ్లీ చదివి మళ్లీ ఏడ్చాను. మాడు వాసన ముక్కుకి తగిలి తల ఎత్తేసరికి మోటారు తిరగడం లేదు, లోంచి పొగ వస్తోంది. స్విచ్చి ఆపేసి, పిచ్చిదానిలా దానిమీద చెయ్యి వేశాను. అరచెయ్యి చుర్రుమంది.

మధ్యాహ్నం వాళ్లు తిరిగి రాగానే గుమ్మంలోనే చెప్పేశాను. "తప్పు నాదే బాబాయిగారూ. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతాం" అన్నాను. ఆయన నేరుగా మోటారు దగ్గరికి వెళ్లారు. పిన్నిగారు మాత్రం నన్నే చూస్తున్నారు.

"ఖాళీ చేసుడు తర్వాత. ఆ చెయ్యేంది, గట్ల మూసుకున్నవ్? చూపియ్యి!"

నా చెయ్యి పట్టుకుని నీళ్ల గంగాళంలో ముంచి, చాలాసేపు వదల్లేదు.

బందుల వల్ల నారాయణగూడలో మోటార్లు బాగుచేసే దుకాణం ఐదు రోజులు తెరవలేదు. పక్కింటి బావి నీళ్లే దిక్కయ్యాయి. కట్టు కట్టిన చేత్తో నేను తోడలేనని బాబాయిగారే మా బిందె కూడా నింపి గడప దగ్గర పెట్టేవారు. ఒకరోజు నేను ఖాళీ బిందె ఇవ్వడానికి బావి దగ్గరికి వెళ్తే, పక్కింటాయన నావైపు ఓరగా చూస్తూ, "మోటర్ ఎవలు కాలవెట్టిన్రు?" అని అడిగాడు.

బాబాయిగారు చేద లాగుతూనే, "నేనే. చెవులు మందమైనయ్, గొంతు మారింది ఇనబడలే" అన్నారు.

మోటారు బాగై వచ్చిన రోజున ముక్కాలిపీట తెచ్చి నాముందు పెట్టారు. నేను వెనక్కి తగ్గాను.

"కూసో బిడ్డా. నాకు చెవుడని బస్తీ అంతట చెప్పుకున్న. ఇగ నువ్వే ఇనాలె."

ఆ ఇంట్లో పదకొండేళ్లున్నాం. ఆ వేసవి భయాలు ఎప్పుడు వదిలిపోయాయో నాకే తెలియదు. కాలం ఎంతెంత పెద్ద సంగతులనో తనతో పట్టుకుపోతుంది గానీ, ఒక మనిషి మనకోసం ఆడిన చిన్న అబద్ధాన్ని మాత్రం మన దగ్గరే ఉంచేస్తుంది.