చేపిన బర్రె, చెప్పని సారీ

ఆ రోజుల్లో నాకు రెండు నోళ్లుండేవి. ఒకటి ఆబిడ్స్‌లో పనిచేసేది, రెండోది నాంపల్లిలో. ఆబిడ్స్ నోరు ఫోన్లు బాగుచేసే దుకాణంలో కౌంటరు వెనక నిలబడి పొద్దస్తమానం 'సారీ సర్', 'సారీ మేడమ్' అంటుండేది. ఫోను నీళ్లలో పడేసుకునేది వాళ్లు, సారీ చెప్పేది నేను. (ఒకాయన తన ఫోను మీదికి తన స్కూటరే ఎక్కించి తెచ్చాడు. ఆయనకూ చెప్పాను.) నాకప్పుడు ఇరవై ఒక్కేళ్లు, మొదటి ఉద్యోగం. సారీ అనేది మనసులోంచి రావాలని మా మేనేజరు నేర్పించాడు గానీ, మనసును ఇంట్లో వదిలేసి వస్తేనే అది సాఫీగా వస్తుందని నేను వారం తిరక్కుండానే కనిపెట్టాను.

నాంపల్లి నోటి సంగతి చెప్పాలంటే ముందు మా కొట్టం సంగతి చెప్పాలి. స్టేషన్ వెనక గల్లీలో మా తాత ఇల్లు. ముందు రెండు గదులు, వెనక రేకుల కొట్టం, అందులో రెండు బర్రెలు, ఒక దుడ్డె. చుట్టూ ఉన్న ఇళ్లన్నీ లాడ్జీలూ అపార్ట్‌మెంట్లూ అవుతుంటే మాది మాత్రం పెండ వాసన కొడుతూ మొండిగా అలాగే ఉండిపోయింది. బేగం బజార్ నుంచి తవుడు, గానుగ చెక్క ఆటోలో వచ్చేవి. తెల్లారకముందే లేచి పెండ ఎత్తి, నేల కడిగి, కుడితి పెట్టి, పాలు పిండి, గిన్నెలు పట్టుకుని వచ్చే ఆడవాళ్లకు పోసేవాళ్లం. పెండ నా వంతు. ఆ తర్వాత రెండుసార్లు సబ్బుతో చేతులు తోముకుని, సెంటు కొట్టుకుని ఆబిడ్స్‌కి నడిచి వెళ్లేదాన్ని. (అయినా మా మేనేజరు నా పక్కకు వచ్చినప్పుడల్లా ఏసీ వంక అనుమానంగా చూసేవాడు.)

రెండు బర్రెల్లో చిన్నది బుద్ధిమంతురాలు, అమ్మ చేతికే పాలిచ్చేది. పెద్దదాని పేరు దొరసాని. దాని తరీకా వేరు. దుడ్డెను విడిచినా, తవుడు ముందు పెట్టినా, వీపు నిమిరినా అది చేపేది కాదు, అంటే పొదుగులోకి పాలు దింపేది కాదు. దానికి తిట్లు కావాలి. కొత్తలో ఒకరోజు చెంబు తన్నేస్తే మా తాతకు ఒళ్లు మండి అరగంట ఆపకుండా తిట్టాడట. అది తల వంచుకుని అంతా విని, చెంబు నిండా ఇచ్చేసిందట. అప్పటినుంచి తిట్టనిదే చుక్క రాలదు. రోజూ ఐదున్నరకు తాత చెంబు పట్టుకుని కూర్చుని గల్లీ అంతా వినబడేలా అందుకునేవాడు. ఆ తిట్లలో బూతు ఒక్కటీ ఉండేది కాదు. పని దొంగను మేస్త్రీ దులిపినట్టు ఉండేవి.

అలాంటి తాతకు కంటి ఆపరేషన్ అయింది. నెల రోజులు వంగొద్దు, బరువులెత్తొద్దు, గట్టిగా అరవొద్దని దవాఖానలో మరీమరీ చెప్పి పంపారు. నల్లద్దాలు పెట్టుకుని కొట్టంలో మంచం మీద కూర్చుని, "ఇగ నువ్వే తిట్టాలె బిడ్డా. మీ అమ్మ నోట్లెకెళ్లి గింత మాట రాదు" అన్నాడు తాత. (అమ్మ నోరు నా విషయంలో ఎలా లేస్తుందో తాతకు తెలియదు.)

మొదటి రోజు నా ఆబిడ్స్ నోరే పని చేసింది. "దొరసానీ, జర పాలియ్యవా" అని అడిగాను. అది నా వైపు తిరిగి కూడా చూడలేదు. "గట్ల బతిమాలితే ఎవరిస్తరే" అన్నాడు తాత. రెండో రోజు గొంతు కొంచెం పెంచాను. తోక తెచ్చి చెంప మీద కొట్టింది. మూడో రోజు, అంతకు ముందు సాయంత్రం దుకాణంలో ఒకాయన తన పిల్లవాడు పగలగొట్టిన ఫోనుకు నన్ను అరగంట నిలబెట్టి మాటలన్నాడు, అది కడుపులో అలాగే ఉంది. చెంబు పట్టుకుని నోరు తెరిచాను. ఏమన్నానో నాకే తెలియదు. చెంబులో సర్రుమని చప్పుడు వినబడింది. తాత మంచం మీదనే "షాబాష్" అన్నాడు. ఆ పూట నాకెంత హాయిగా ఉండిందో చెప్పలేను. వారానికల్లా తాత తిట్లకు నా సొంతవి కూడా కలిపాను.

మా కొట్టానికి ఎదురుగా కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్ ఉంది. అందులో రెండో అంతస్తులో ఒక సారు. లక్డీకాపూల్ ఆఫీసులో రిటైరై, అసోసియేషన్‌కు ప్రెసిడెంటయ్యాడు. రోజూ పొద్దున బాల్కనీలో కుర్చీ వేసుకుని చాయ తాగుతూ మా కొట్టాన్ని చూసి ముక్కు మూసుకునేవాడు. మేం బాల్కనీ సారు అనేవాళ్లం. (ఆ చాయలోని పాలు మావే. సారు వాళ్లావిడ, అంటే మా ఆంటీ, వెనక గేటు నుంచి గిన్నె తెచ్చుకునేది. ఆ సంగతి సారుకు తెలియదు.) తాత తిట్టినన్నాళ్లూ ముసలాయన ఏదో అరుచుకుంటున్నాడనుకున్న సారు, ఆడపిల్ల గొంతు వినబడేసరికి చెవులు రిక్కించాడు. తిట్లేమో ఇలా ఉండేవి. "తినుడు, పండుడు, కూసున్నకాడికెళ్లి లేవకపోవుడు. పుట్టినకాంచి ఒక్క పనన్న జేసినవా?" పది రోజులు విన్నాక ఆ తిట్లు తనకేనని ఆయనకు అనుమానం లేకుండా పోయింది.

పదకొండో రోజు నలుగురిని వెంటేసుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. "మీ పిల్ల నన్ను రోజు తిడుతున్నది. ఆదివారం లోపట అందరి ముందట సారీ చెప్పాలె. లేకుంటే కంప్లైంటు తయారుగున్నది. బర్రెలను ఊరు దాటిస్తరు" అని కాగితం చూపించాడు. అమ్మ ముఖం పాలిపోయింది. తాత నల్లద్దాల వెనక ఏం చూస్తున్నాడో తెలియలేదు గానీ చేతులు మాత్రం మంచం పట్టెను గట్టిగా పట్టుకున్నాయి. ఆ బర్రెలు లేకపోతే తెల్లారి ఎందుకు లేవాలో ఆయనకు తెలియదు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

"చెప్పెయ్యరాదే. నీ నౌకరే గది గదా" అంది అమ్మ, వాళ్లు వెళ్లాక. నిజమే. రోజుకు యాభై చెప్పేదాన్ని, ఇంకొకటి చెబితే నా సొమ్మేం పోతుంది? కానీ చెప్పనన్నాను. ఆబిడ్స్‌లో చేయని తప్పుకు చెప్పడానికి జీతమిస్తున్నారు, సరే. ఇక్కడా చెబితే నాకంటూ మిగిలే నోరేది? సారు దగ్గరికి నేనే వెళ్లి, "సార్, నేను బర్రెను తిడుతున్న. ఆదివారం ఐదున్నరకు మీరే వచ్చి చూడున్రి. అది పాలియ్యకపోతే సారీ చెప్తా" అన్నాను. తాత విని, "మంచిగన్నవ్" అన్నాడు. రాత్రంతా ఆయనకు నిద్ర లేదు, నాకూ లేదు.

ఆదివారం పొద్దున సారు, ఆయన వెంట నలుగురు, వాళ్ల వెనక గిన్నె కొంగులో దాచుకుని ఆంటీ. ఒకతను వీడియో తీయడానికి ఫోను కూడా పట్టుకున్నాడు. అంతమందిని చూసి దొరసాని బిగుసుకుపోయింది. నేను అంతకంటే బిగుసుకుపోయాను. నోరు తెరిస్తే ఆబిడ్స్ గొంతే వచ్చింది. "ఏందే, పాలియ్యవా" అన్నాను, కస్టమర్ని అడిగినట్టు. చుక్క రాలేదు. "ఐపోయిందా ఇగ?" అన్నాడు సారు, కాగితం తీస్తూ. అప్పుడు చూశాను. మంచం మీద తాత ఊపిరి పీల్చుకుంటున్నాడు, అరవడానికి. ఆ కన్ను పోతే ఎట్లా? ఆయన కంటే ముందు నేనే అందుకున్నాను.

"ఏందే గట్ల చూస్తున్నవ్? ఒకరు గడ్డెయ్యాలె, ఒకరు నీళ్లు పెట్టాలె, ఒకరు పెండెత్తాలె. నువ్వేమో కూసుంటివంటే కదలవ్. దర్వాజల పట్టనంత బలిసినవ్, జర చూస్కున్నవా? పలకరిస్తే బుస్సుమంటవ్. సోంబేరిదానా, ఇన్నొద్దులు తిన్నదంతా ఏడవోయిందే?" సర్రున మొదటి ధార చెంబులో పడింది. వీడియో తీసేవాడు దగ్గరికి వచ్చాడు. ఇక ఆపితే సరిపోయేది. కానీ నా నోరు ఆగలేదు. "ఒకరింట్ల పాలు తాగుకుంట ఆ ఇంటి కొట్టం మీదనే కండ్లెర్ర జేస్తవా? సిగ్గనిపిస్తలేదా?"

బర్రె పాలు తాగదని అక్కడున్న అందరికీ తెలుసు. వెనక నుంచి ఆంటీ నవ్వు వినబడింది. సారు తిరిగి చూశాడు. ఆవిడ చేతిలో గిన్నె చూశాడు. మా కొట్టం చూశాడు. "మనింట్ల చాయ..." అని ఆగిపోయాడు. "ఔ, గీ దొరసానివే" అంది ఆంటీ. తాత మెల్లగా, "గివి మా బర్రె తిట్లు సార్. గల్లీల అందరికి పంచుతమా" అన్నాడు. సారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. అది మళ్లీ బయటికి రాలేదు.

బర్రెలు ఇంకో మూడేళ్లున్నాయి. మోకాళ్లు మొరాయించాక తాతే వాటిని మెదక్ వైపు చుట్టాలకు ఇచ్చేశాడు. దొరసాని అక్కడ రెండు రోజులు చుక్క ఇవ్వలేదని ఫోనొస్తే, నా తిట్లు, ఆ ఆదివారం ఆఖరున అన్న మాటతో సహా, రికార్డు చేసి పంపాను. ఫోనును కొట్టంలో మేకుకు తగిలించి వినిపిస్తే చేపిందట. ఆ వాయిస్ మెసేజ్ నా ఫోనులో ఇప్పటికీ ఉంది. తాత పోయినా ఉంది.

ఇప్పుడు ఆ దుకాణానికి నేనే మేనేజర్ని. కొత్త పిల్లలకు సారీ నేర్పిస్తాను. మొన్నొక మధ్యాహ్నం బాల్కనీ సారు వచ్చాడు, బాగా ముసలివాడయ్యాడు. అద్దం పగిలిన పాత ఫోను. నేనే చూసి, "సారీ సర్, దీని డిస్‌ప్లే ఇప్పుడు దొరకట్లేదు" అన్నాను. ఆయన నన్ను గుర్తుపట్టి, "ఇన్నేండ్లకు చెప్పినవ్ బిడ్డా" అన్నాడు. "గది ఫోనుకు సార్" అన్నాను. ఆయన ఫోను జేబులో వేసుకుంటూ, "ప్యాకెట్ పాలతోని చాయ మంచిగ ఐతలేదు. పొద్దుగాల లేవబుద్ధి గూడ ఐతలేదు, తిట్టేటోళ్లే లేరు" అన్నాడు. కౌంటరు దగ్గర ఇంకెవరూ లేరు. నా ఫోను తీసి, సౌండు తగ్గించి, ఆ మెసేజ్ పెట్టాను. సారు కౌంటరు మీద చేతులు ఆనించి, తల వంచుకుని, మొదటినుంచి చివరిదాకా విన్నాడు, అచ్చం దొరసానిలాగే. అయిపోయాక, "ఆ ఆఖరిది నాకే గదా, నిజం చెప్పు" అన్నాడు.

"కాదు సార్, దొరసానికే" అన్నాను, రెప్ప వాల్చకుండా. ఆయన నవ్వుకుంటూ మెట్లు దిగి వెళ్లాడు. ఇరవై ఒక్కేళ్ల ఆ మొండిపిల్ల నాలో ఇంకా ఉన్నందుకు నాకూ నవ్వొచ్చింది, కళ్లూ తడిశాయి. సారీ మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.