ముగ్గులో ఇల్లు, ఆ ఇంటి ముందు ముగ్గు

మా లెక్కల టీచరమ్మ పోయారని ఆదివారం పొద్దున కబురు వచ్చింది. బోరబండలో ఆవిడ కిరాయికి ఉన్న ఇంటివాళ్లు మనిషిని పంపారు. జ్వరమని దవాఖానలో చేర్చారట, మళ్లీ ఇంటికి రాలేదట. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. నాతో వాదించవలసినవి ఇంకా ఎన్నో ఉండగా ఎలా వెళ్లిపోతారు?

మాది మాదాపూరుకు ఆవల బండల మధ్య ఊరు. నాయిన రాళ్లు కొట్టేవాడు. మా ఇంట్లో బడిలో కూర్చున్న మొదటి మనిషిని నేను. టీచరమ్మది గోదావరి వైపు. రోజూ బోరబండ నుంచి నడిచి వచ్చి, చెప్పుల దుమ్ము దులిపి, గొడుగు గోడకు ఆనించి, సుద్దముక్కను రెండుగా విరిచేవారు. సగం ఆవిడకు, సగం మాలో ఒకరికి. "రండి, మీరూ రాయండి" అని పిలిచేవారు. రాళ్లు కొట్టేవాడి కూతుర్ని "మీరు" అన్న మొదటి మనిషి ఆవిడే.

ఒకరోజు బోర్డంతా తుడిచి ఒకే ఒక వాక్యం రాశారు: "ఈ బోర్డు మీద రాసింది అబద్ధం." నిజమా, అబద్ధమా చెప్పమన్నారు. నిజమంటే అబద్ధమైపోతోంది. అబద్ధమంటే నిజమైపోతోంది. బడంతా గోల.

"తప్పు రాసిన్రు టీచర్, తుడిచెయ్యుండ్రి" అంది నా పక్కపిల్ల.

"తుడవడం ఎంతసేపండీ? మీ బుర్రలోంచి ఎవరు తుడుస్తారు?" అని నవ్వారు.

తమ మీదికే తామే తిరిగే మాటలంటే ఆవిడకు అంత ఇష్టం. మౌనం ఆటలో ఎవరో ఒకరు "నేను మాట్లాడలే!" అని అరిచి ఓడిపోతే, ఇదీ లెక్కల పాఠమే అనేవారు. చివరి మాటే మొదటి మాటగా వచ్చే పాట ఒకటి కట్టి నేర్పితే, ఎక్కడ ఆపాలో తెలియక గంట కొట్టేదాకా పాడుతూనే ఉన్నాం. బడి గడప ముందు ముగ్గుతో ఒక ఇల్లు గీశారు. ఆ ఇంటి ముందు చిన్న ముగ్గు, ఆ ముగ్గులో ఇంకా చిన్న ఇల్లు.

"ఏడి దాంక టీచర్?"

"పిండి ఉన్నంతదాకా."

నా ఏడో తరగతి అయ్యేసరికి జీడిమెట్లలో ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. రాయికి గిరాకీ పెరిగింది, నాయినకు చేతికింద మనిషి కావాలి. నన్ను బడి మాన్పించి తట్ట మోయడానికి పంపాలని అవ్వ తేల్చేసింది. అవ్వ అంటే నాయిన తల్లి. ఆమె మాటను నాయిన దాటడు. సంగతి విని టీచరమ్మ మా ఇంటికి వచ్చారు.

"మా ఇంట్ల ఆడదాని మాట చెల్లదు టీచరమ్మా. అది సదువుకుంటనంటే సదివిచ్చుడేనా? బడి బంద్" అంది అవ్వ.

"బంద్ అన్నది ఎవరండీ?"

"నేనే. ఇంకెవరు?"

"మీరూ ఆడవారే కదండీ. ఆడదాని మాట చెల్లదంటే మీ మాటా చెల్లదు. మీ మాట చెల్లిందా, ఈ ఇంట్లో ఆడదాని మాట చెల్లినట్టే."

నాయిన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అవ్వ ఊరుకునే మనిషా?

"నువ్వు గూడ ఆడదానివే గద. నీ మాట నేనెందుకు ఇనాలె?"

"వినకండి. నాదేమీ లేదు, మీ మాటే మీ దగ్గర పెట్టి వెళ్తున్నాను" అని టీచరమ్మ గొడుగు తీసుకుని లేచారు.

ఆ పూట అవ్వ బువ్వ ముట్టలేదు. ఎటు తిప్పినా రెండే దారులు. తాను నోరు మూసుకోవాలి, లేదా నన్ను నోరు తెరవనివ్వాలి. నోరు మూసుకోవడం మా అవ్వకు పుట్టుకతోనే రాదు. మర్నాడు పనికి పోతున్న నాయినను వాకిట్లోనే ఆపింది.

"పిల్లను పెద్ద బడిల ఎయ్యి."

"నిన్న వద్దంటివి గదనే?"

"నిన్న అన్నది నేనే, ఇయ్యాల అంటున్నది నేనే. ఈ ఇంట్ల ఆడదాని మాట చెల్లుతది. జర ఇను!"

అట్లా నేను హైస్కూలుకు, ఆ తర్వాత కాలేజీకి పోయాను. ఆడపిల్లలకు లెక్కలు ఎక్కవని అక్కడొక పెద్దమనిషి అన్నాడని ఏడుస్తూ బోరబండకు పరుగెత్తితే, టీచరమ్మ ఓదార్చలేదు. "ఏ మాటనైనా ముందు దాని మీదికే తిప్పి చూడండి. నిలబడితే గౌరవించండి. పడిపోతే మాత్రం మీరు లేవనెత్తకండి" అన్నారు. నేను లేవనెత్తలేదు. ఇప్పుడు లెక్కలే చెబుతున్నాను, సుద్దముక్కను విరిచి.

ఆ ఆదివారం కబురు తెచ్చిన మనిషి వెళ్లగానే ముగ్గుగిన్నె తీసుకుని వాకిట్లో కూర్చున్నాను. పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి చూసింది.

"చావు కబురు ఇన్న పొద్దు ముగ్గేందే? జనం ఏమనుకుంటరు?"

"అనుకోనీ పెద్దమ్మా."

ఇల్లు గీశాను. దాని ముందు ముగ్గు, ఆ ముగ్గులో ఇల్లు, దాని ముందు మళ్లీ ముగ్గు. గిన్నె ఖాళీ అయింది. గడపలో కూర్చున్న అవ్వకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. అయినా గిన్నె గీకిన చప్పుడు విన్నట్టుంది. లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లి, పిడికిలి నిండా పిండి తెచ్చి నా గిన్నెలో పోసింది.

"ఇంకో ఇల్లెయ్యి."