బంతిలో జారిన పేర్లు

మిల్లు పనులకు వలసొచ్చిన తెలుగువాళ్లుండే ఉన్ బస్తీలో జమున అంటే చీరలకు రాళ్లంటించే జమునే. పదిహేనేళ్లు అదే పని. ఆ చేతులే ఇప్పుడు సాంబయ్య స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాయి. ఫోన్‌లో హిందీ పాఠాలు చూసి నేర్చేసుకుంది మహాతల్లి!

మొదటిసారి ఒక పెళ్లి మొత్తం ఆమె చేతికొచ్చింది. అదీ పక్కింటి గంగవ్వ కూతురిది. గంగవ్వకు ఒకటే పట్టు: బంతిలో కూర్చున్న ప్రతి ఒక్కరి ముఖం కింద పేరు పడాలి.

"మిల్లుల అందరిని 'ఏ భయ్యా' అనే పిలుస్తరు. గీ వీడియోలనన్న పేర్లు ఉండద్దా?" అంది. ఫోన్‌లో వీడియో చూస్తూ, మనిషి కనబడ్డచోటల్లా గుర్తు నొక్కి, కూతురితో పేరు రాయించింది. రెండు వందల పన్నెండు గుర్తులు!

చిక్కంతా అక్కడే వచ్చింది. ఫోను కాలాన్ని సెకన్లలో రాసింది: 5043.48. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరుకు గంట, నిమిషం, సెకను, ఫ్రేము (ఆ సెకనులో ఎన్నో బొమ్మ అని) కావాలి. జమున క్యాలిక్యులేటర్‌తో కుస్తీ పట్టి 01:24:03:48 అని రాసుకుంది. మిగతావీ అంతే.

శుక్రవారం వేసి చూపిస్తే ఏముంది! పేరు పడేలోపు కెమెరా పక్క విస్తరికి జరిగిపోయింది. గంగవ్వ తమ్ముడు రాజమల్లు మీసాల కింద 'గంగవ్వ' అని పడింది.

"ఏందే గిది? నాకు మీసాలెప్పుడు మొలిచినయే?"

సాంబయ్య మాత్రం నవ్వలేదు. "ఆదివారం గల్లీ అంత చూస్తది. రేపటికి సక్కగ కాకుంటె పని వేరేటోళ్లకిస్త జమునా" అన్నాడు. జమునకు ఏడుపు ముంచుకొచ్చింది. రాళ్ల పనికి మళ్లీ పోవాలా?

శనివారం పొద్దున ఎవరో గుమ్మంలో నిలబడి, "అక్కా, అర డజను చీరలున్నయ్, రాళ్లంటిస్తవా?" అని అడిగారు. జమున లెంపలేసుకుంది. అర డజనంటే 0.50 డజను, అంటే ఆరు కదా, యాభై కాదు! ఈ వీడియోలో సెకనుకు ఉన్నవే ఇరవై ఐదు ఫ్రేములు. చుక్క తర్వాత 48 అంటే సెకనులో సగానికి కాస్త తక్కువ, అంటే పన్నెండు ఫ్రేములు. తాను నలభై ఎనిమిది వేసి కూర్చుంది, పేర్లు అందుకే ఆలస్యంగా పడ్డాయి!

పాఠాల్లో చూసినట్టే, లెక్కంతా కంప్యూటరే చేసేలా చిన్న స్క్రిప్టు రాసింది. సెకన్లను గంటలు, నిమిషాలుగా విడగొట్టాలి, మిగిలిన చుక్క భాగాన్ని ఇరవై ఐదుతో గుణించాలి, అంతే. 01:24:03:12! ఇక చేత్తో రాసే పని లేదని జమున చెప్పగానే, గంగవ్వ మరిచిన పేరొకటుందంటూ కలిపి జాబితా మళ్లీ పంపింది. జమున దాన్ని తెరిచి కూడా చూడకుండా స్క్రిప్టుకు అప్పజెప్పింది. కన్నుమూసి తెరిచేలోపు పని అయిపోయింది.

ఆదివారం గంగవ్వ ఇంటి ముందు పెద్ద టీవీ పెట్టారు. ఎవరి ముఖం కింద వారి పేరు! పేరు పడ్డప్పుడల్లా ఈలలే ఈలలు. రాజమల్లైతే లేచి మీసం మెలేశాడు.

చివరి బంతిలో పప్పు బకెట్టు పట్టుకుని చెమటలు కక్కుతూ వడ్డిస్తున్న ఒకామె కనిపించింది. ఆమె కింద 'జమున' అని పడింది.

జమున నోరు తెరిచింది. గంగవ్వ ఆమె వీపు మీద ఒక్కటిచ్చింది.

"నీ చేత్తో రాస్తే తీసేస్తుంటివి. నాకు తెల్వదా ఏంది?"

గల్లీ అంతా "జమునా!" అని అరిచింది. జమున కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "జర వెనక్కి తిప్పుండ్రి, ఇంకోసారి చూస్త" అంది.