గురజాలలో నీలం తిరిగిన కాగితం

సికింద్రాబాదులో పొద్దున్నే రైలెక్కేటప్పటికి నా సంచిలో రెండు జతల బట్టలు, పులిహోర డబ్బా, ఒక కట్ట కాగితపు పట్టీలు ఉన్నాయి. నా ఉద్యోగ జీవితంలో సగానికి పైగా ఆ పట్టీల మీదే గడిచింది. క్షయ రోగి మందు మింగాడో లేదో అవి చెబుతాయి. మూత్రంలో ముంచితే, ఒంట్లో మందు ఉన్నవాడిదైతే నీలం తిరుగుతాయి, లేనివాడిదైతే తెల్లగానే ఉండిపోతాయి. కెమిస్ట్రీ చదువుకుని, మందుల తయారీ వైపు మళ్ళి, చివరికి అంటురోగాల పరిశోధనలో స్థిరపడిన నాకు పదిమందికీ చూపించుకోవడానికి నేనే తయారుచేసిన ఈ పట్టీ తప్ప మరొకటి లేదు.

గురజాలలో ఖాజావలి అని నాపరాళ్ళ పాలిష్ పని చేసే మనిషి ఉన్నాడు. అతని పట్టీ ప్రతిసారీ చక్కగా నీలం తిరుగుతోంది. కఫంలో క్రిములు మాత్రం తగ్గడం లేదు. అవి మందుకు లొంగే రకమేనని మా ల్యాబ్ పరీక్షించి మరీ చెప్పింది. అంటే నా పట్టీ అబద్ధమాడుతోంది, లేదా అక్కడ మా తరఫున నమూనాలు తీసే శేషగిరి అబద్ధమాడుతున్నాడు. రెండోదే నిజమవ్వాలని కోరుకుంటూ బయల్దేరాను. వస్తున్నట్టు అతనికి చెప్పలేదు.

మిర్యాలగూడ దాటాక ఎదుటి సీటు పెద్దాయన పలకరించాడు.

"ఏం పని మీద పోతన్నావమ్మా?"

"ల్యాబ్ పని."

"రక్తం తీసుకుపోయే వాళ్ళా? మా ఊళ్ళో అట్టాగే ఒకామె వచ్చి తీసుకుపోయింది. ఏమైందో ఇంతవరకూ చెప్పలా." మడిచిన చొక్కా చేతులు కిందికి దింపుకుని గుండీలు కూడా పెట్టుకున్నాడు. కృష్ణ దాటేదాకా మళ్ళీ నా వైపు చూడలేదు.

ఈ దారిన వెళ్ళదలచిన వాళ్ళకు ఒక మాట. నడికుడిలో దిగగానే ఆటోవాళ్ళు గురజాలకు ఇప్పట్లో బస్సు లేదంటారు. నమ్మకండి. దాచేపల్లి దాకా షేర్ ఆటోలో వెళ్తే అక్కడ బస్సు సిద్ధంగా ఉంటుంది. మాది మిరప కోతల కాలపు బస్సు. మూటల మధ్య కాళ్ళు ముడుచుకుని, అందరితో పాటు తుమ్ముకుంటూ మధ్యాహ్నం లోపే గురజాల చేరాను. బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. గడియ సరిగ్గా పడకపోతే కుర్చీ అడ్డం పెట్టి స్నానం చేశాను. మెస్‌లో గోంగూర పచ్చడితో భోజనం మాత్రం ఎంత అనుమానపు మనిషైనా మెచ్చుకునేలా ఉంది. చెయ్యి కడుక్కున్నాకే శేషగిరికి ఫోన్ చేశాను.

"అదేంది మేడం, చెప్పకుండా వచ్చారే!" అన్నాడు. గొంతులో కంగారు ఉందా లేదా అని విన్నాను. ఉంది.

వచ్చి నన్ను బండెక్కించుకుని, ఖాజావలి వీధి మొదట్లోనే ఆపేశాడు. సీసాలు టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకుని నడిచాడు. ఒక ముసలమ్మ గుమ్మంలోంచి కేకేసింది. "ఒరేయ్ శేషగిరీ, మా పొయ్యి మంట రావట్లేదురా. చూసిపో."

"పొయ్యేమిటి?" అన్నాను.

"ఈ ఈదిలో నేను గ్యాస్ పొయ్యిలు బాగుచేసేవాణ్ణి మేడం" అన్నాడు గొంతు తగ్గించి. "టీబీ కోసం వస్తన్నానని తెలిస్తే ఖాజావలి ఇంట్లో మంచినీళ్ళు గూడా ముట్టరు. అందుకని అట్టా చెప్పా. రెండు పొయ్యిలు నిజంగానే బాగుచేశా."

ఇంత నున్నగా అబద్ధమాడేవాడు నా దగ్గర ఆడడా అనుకున్నాను.

ఖాజావలిది రేకుల ఇల్లు. మనిషి బాగా చిక్కిపోయాడు. కొత్త సీసా నేనే ఇచ్చి, నమూనా అప్పటికప్పుడు తెప్పించి, పట్టీ నా చేత్తోనే ముంచాను. నీలం. శేషగిరి సీసాకు మూత బిగించి క్యారియర్‌లో పెట్టుకున్నాడు. అనుమానం అతన్ని వదిలి తిన్నగా నా మీదికే వచ్చింది.

ఇక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి మనుషుల పళ్ళ మీది మరకలే చెబుతాయి. ఆ నీళ్ళలోని ఏదో ఒకదానికే నా పట్టీ నీలం తిరుగుతుంటే? తేల్చుకోవాలంటే ఇదే నీళ్ళు తాగుతూ మందు మింగని మనిషి నమూనా కావాలి. మీ ఆవిడెక్కడ అని అడిగాను.

"ఆమెకేం లేదు మేడం" అన్నాడు ఖాజావలి. నేను అడిగింది అది కాదు.

అతని భార్య మస్తాన్‌బీ ఊరి బయట కల్లంలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. మేము వెళ్ళేటప్పటికి నేలంతా ఎర్రగా ఉంది. ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని కూర్చున్నారు. అందరూ దగ్గుతూనే ఉన్నారు. నాకూ దగ్గు తెర వచ్చి మాట పెగల్లేదు.

"నా ముందే మింగుతాడు బిళ్ళలు. ఇంకేం గావాలి?" అంది మస్తాన్‌బీ. ఆమె నమూనా కావాలన్నాను. "నాదెందుకు? నేనేమన్నా రోగిష్టిదాన్నా?" అని, దూరంగా ఉన్న ముఠా మేస్త్రమ్మ వైపు చూసి గొంతు తగ్గించింది. "ఇక్కడ ఆ మాటెత్తమాక. పొద్దుగూకినాక ఇంటికి రా."

వెళ్ళాను. చాలాసేపు బతిమాలాక సీసా తెచ్చి నా ముందు ఠక్కున పెట్టింది. పట్టీ ముంచాను. చూస్తుండగానే నీలం తిరిగింది.

గడప మీదే కూర్చుండిపోయాను. మందు మింగని మనిషికీ నీలమే! ఇన్నేళ్ళ పని, దాన్ని నమ్మి వైద్యం చేసిన డాక్టర్లు, అందరూ కళ్ళ ముందు మెదిలారు. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

నా వాలకం చూసి ఖాజావలి భయపడ్డాడు. "కాగితం తప్పు గాదమ్మా" అన్నాడు. "ఆమె గూడా మింగుద్ది. నాకు రోజూ నాలుగు బిళ్ళలిస్తారు గదా. రెండు నాకు, రెండు ఆమెకు. ఇంట్లో ఏదొచ్చినా చెరి సగమే మాకు."

నేను నవ్వాను. గట్టిగా, ఆపుకోలేక నవ్వాను. నా పట్టీ నిజమే చెప్పింది.

మస్తాన్‌బీ దగ్గుతూ నా మీదికి వచ్చింది. ఆ ఇంట్లో మిరపకాయ ఒక్కటి కూడా లేదు. "నాకు రోగముందని తెలిసి నవ్వుతన్నావేంది?" అంది.

సిగ్గుతో తల దించుకున్నాను. ఆమె మాత్రం ఆపలేదు. "కల్లంలో అందరూ దగ్గుతారు. అక్కడ నా దగ్గు ఎవరికి తెలుసుద్ది? ఆస్పత్రికి పోతే మాత్రం తెల్లారేసరికి ఊరంతా తెలుసుద్ది. మేస్త్రి పనికి పిలవదు. ఈయన పని ఎట్టాగూ పోయింది. ఏం తినాలి మేము?"

సగం మందుతో క్రిమి చావదనీ, మందుకే అలవాటు పడి మొండిదవుతుందనీ, అప్పుడు ఏ మందూ ఇద్దర్నీ కాపాడలేదనీ చెప్పాను. పట్టీ మందు ఉందని చెబుతుందే తప్ప ఎంత ఉందో చెప్పలేదనీ ఒప్పుకున్నాను. చివరికి ఆమె ఒక షరతు పెట్టింది. గురజాలలో కాదు, తననెవరూ ఎరగని నరసరావుపేటలో చూపించాలి. బస్సులో నేను ఆమెను ఎరగనట్టే కూర్చోవాలి.

లాడ్జి దగ్గర దింపుతూ శేషగిరి అడిగాడు. "నన్ను అనుమానపడ్డారు గదా మేడం?"

"అవును. తప్పయింది."

"పర్లేదులే" అన్నాడు. "ఆ ముసలమ్మ పొయ్యి చూసిపోవాలి" అని బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మొదటి బస్సులో ఆమె ముందు, నేను వెనక. పిడుగురాళ్ళ సున్నపు దుమ్ము కిటికీలోంచి వస్తుంటే కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. కాస్త మంచినీళ్ళిద్దామని లేవబోతే కళ్ళతోనే కూర్చోమంది. నరసరావుపేటలో కఫం పరీక్ష అయ్యి ఫలితం వచ్చేటప్పటికి మధ్యాహ్నం దాటింది. క్షయే. అదృష్టం కొద్దీ ఇంకా మందుకు లొంగే రకమే. ఆమె పేరు మీద ఆమె మందు ఆమెకిచ్చారు. పొట్లం చేతిలోకి తీసుకుని, "ఇవన్నీ నాయేనా? ఆయనవి ఆయనకుంటాయా?" అని అడిగింది. ఉంటాయన్నాను. నా ముఖంలోకి చూసి, లోపలికెళ్ళి నర్సును కూడా అదే మాట అడిగి వచ్చింది.

తిరుగు ప్రయాణానికి హైదరాబాదు బస్సు ఎక్కాం. దాచేపల్లి దాకా ఇద్దరిదీ ఒకటే దారి. మళ్ళీ ఆమె ముందు సీటు, నేను వెనక. ఈ రెండు రోజుల్లో పల్నాడులో నన్నెవరూ నమ్మలేదు, నేనూ ఎవర్నీ నమ్మలేదు. వాళ్ళ అపనమ్మకం బతకడానికి, నాది పేరు నిలబెట్టుకోవడానికి. ఆ తేడా కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ నన్ను తొలుస్తూనే ఉంది.

దాచేపల్లి వస్తోందనగా మస్తాన్‌బీ పొట్లం విప్పింది. ఆ రోజు బిళ్ళలన్నీ ఒక్కొక్కటే నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. బస్సులో జనం ఉన్నా లెక్కచెయ్యకుండా వెనక్కి తిరిగి నా వైపు నోరు బార్లా తెరిచి, నాలుక పైకెత్తింది.

"చూసుకో. మళ్ళీ అనుమానపడతావు" అంది.

అక్కర్లేదమ్మా అని అనాల్సింది. అనలేదు. సీట్లోంచి లేచి, ముందుకు వంగి, నాలుక కింద దాకా చూశాను.