రెండు తాళ్ళు, ఒకే గుంజ

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పోయినవాడి మంచి ఎంత చెప్పాలో నా తప్పూ అంతే చెప్పాలి. డెబ్బయ్యేళ్ళకి దగ్గరపడ్డాక ఆ సరదా ఎవరికుంటుంది? కానీ పోయిన నెల గజపతినగరం నుంచి ఫోనొచ్చింది, మా సిస్టమ్ బావ పోయాడని. జెరాక్సు కొట్లో కుర్చీలో కూర్చుని ఉండగానే గుండె ఆగిందట. మర్నాడు, మేమిద్దరం పనిచేసిన ఆసుపత్రివాళ్ళు గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు, 'మా కుటుంబసభ్యుడికి కన్నీటి నివాళి' అని. ఆ కుటుంబమే ఆయన్ని ఒక్క పూటలో బయటికి గెంటింది. ఫ్లెక్సీలో ఆయన ఫొటో కంటే మేనేజరు ఫొటో పెద్దది. అది చూసొచ్చి కాగితం తీశాను.

ఆ ఆసుపత్రి విజయనగరంలో. పేరుతో మీకు పని లేదు. నేనక్కడ ఎలక్ట్రీషియన్ని. ఎనిమిదిలో బడి మానేసి, కాలిపోయిన మోటార్లు విప్పిచూసి పని నేర్చుకున్నవాణ్ణి. కంప్యూటర్లు చూడ్డానికి ఆయన వచ్చాడు. భావనపాడు మనిషి, సముద్రం మీద వేటాడే ఇల్లు. మాది చోళ్ళూ వరీ పండించుకునే ఇల్లు. చుట్టరికమేమీ లేదు. వచ్చిన మూడో రోజే, "బావా, కరెంటుగది తాళం ఇలాగియ్యి" అన్నాడు. అక్కణ్ణుంచి బావే. ఆసుపత్రంతా సిస్టమ్ బావ అనే పిలిచేది, ఒక్క మేనేజరు తప్ప.

ఆయన ఊరెళ్ళొచ్చినప్పుడల్లా నాకు ఎండుచేపలు తెచ్చేవాడు. పాడవకుండా ఉంటాయని నేను వాటిని సర్వర్ల గదిలో ఏసీ కింద పెట్టేవాణ్ణి. ఒకసారి నర్సులు ముక్కు మూసుకుని ఫిర్యాదు చేస్తే మెమో ఆయనకొచ్చింది. సంతకం పెట్టి జేబులో వేసుకున్నాడు. చేపలు నావని ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఈ సంగతి ఊరికే చెప్పడం లేదు.

ఆయన పనేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పినవాడు ఆయనే. గదిలో పెద్ద యంత్రాలు రెండే. వాటిలో పన్నెండు సర్వర్లు కాపురముండేవి. ల్యాబుదొకటి, మందులషాపుదొకటి, స్కానింగుదొకటి, ఇలాగ. వాటికి సొంత ఒళ్ళు లేదు. ఒక యంత్రం చెడితే సామాన్లు సర్దుకోకుండానే రెండోదాంట్లో దిగుతాయి. సామాన్లు వాటి దగ్గర ఉండవు కాబట్టి. ఫైళ్ళన్నీ స్టోరేజీ అనే వేరే పెట్టెలో ఉంటాయి. "కాపురం ఇక్కడ, కొట్టుగది అక్కడ. మద్దిలో దారి తెగిపోతే పిల్లలకి అన్నం లేదు బావా" అనేవాడు. అందుకని ప్రతి యంత్రం నుంచీ రెండు దారులు. ఎర్ర తీగ ఒక స్విచ్చికి, నీలం తీగ ఇంకో స్విచ్చికి. అక్కణ్ణుంచి స్టోరేజీకి. ఆ పెట్టెకి కూడా రెండు బుర్రలుండేవి, మా మేనేజరు కంటే ఎక్కువే. వార్డులకెళ్ళే నెట్‌వర్కు తీగలూ అంతే. ఎర్రవి ముందు మెట్లవారగా, నీలివి వెనకగోడ మీంచి. ఎక్కడా ఒకదానికొకటి తగలకూడదు. తగిలితే ఆయనకి ఒళ్ళు మండేది.

తీగల్ని అందరిలాగ ప్లాస్టిక్ పట్టీలతో కట్టేవాడు కాదు. వలలల్లే నైలాను దారంతో, వలముడి వేసి కట్టేవాడు. లాగితే బిగుస్తుంది, తెలిసినవాడు విప్పితే చిటికెలో ఊడుతుంది. నాకు నేర్పబోయాడు. నాకు నల్ల టేపు తప్ప ఇంకేమీ చేతికి రాదు.

తుపాను హెచ్చరికొస్తే వాళ్ళ నాన్న పడవని ఒడ్డుకి లాగి, రెండు తాళ్ళు రెండు గుంజలకి వేరువేరుగా కట్టేవాడట. ఒకసారి పిల్లాడిగా ఈయన బద్ధకించి రెండూ ఒక్క గుంజకే కట్టేశాడు. గుంజ ఊడింది, పడవ పోయింది. కొట్టలేదట వాళ్ళ నాన్న. "రెండు తాళ్ళు ఒకే గుంజకి కడితే కట్టింది ఒక్క తాడేరా" అని మాత్రం అన్నాడట. ఆ మాట మా బావ రోజుకోసారైనా అనేవాడు. మేం నవ్వేవాళ్ళం.

ప్రతి నెలా మొదటి శుక్రవారం, పొద్దున్న పదకొండుకి, ఓపీ కిటకిటలాడుతుంటే వెళ్ళి ఎర్ర తీగ పీకేసేవాడు. రిసెప్షనమ్మాయికి ఫోను చేసి, "అమ్మా, ఏటైనా ఆగిపోనాదా?" అని అడిగేవాడు. ఆగేది కాదు. దాన్ని తిరిగి పెట్టి, దారి తెరుచుకునేదాకా చూసి, అప్పుడు నీలం పీకేవాడు. ఎవరూ లేనప్పుడు చేసుకోవచ్చు కదా అని మేనేజరు విసుక్కుంటే, "ఎవుళూ లేనప్పుడు పీకితే అది సూసినట్టా సార్?" అన్నాడు. పనికిరాని పిచ్చి అని మేనేజరు తీర్మానం.

వాళ్ళమ్మ పోయి ఆయన ఊరెళ్ళినప్పుడు జరిగింది ఇది. సర్వర్లకి కరెంటు నిలబెట్టే యూపీఎస్‌లు నా గదిలో రెండుండేవి, ఎరుపు దారికొకటి, నీలం దారికొకటి. ఛైర్మను గారి కొత్త గదికి ఒకటి కావాలన్నాడు మేనేజరు. కొత్తది వచ్చేదాకా రెండు లైన్లూ ఒకదానికే కలిపెయ్యమన్నాడు, మా బావకి చెప్పక్కర్లేదన్నాడు. కలిపాను. నల్ల టేపు చుట్టాను. సర్వర్ల గదిలో చూస్తే ఏమీ మారలేదు. కొత్తది రాలేదు.

పెద్దకర్మ చేసుకుని గుండుతో తిరిగొచ్చి, "కరెంటంతా బాగున్నాది కదా బావా?" అని అడిగాడు. బాగుందన్నాను. తరవాత చాలా శుక్రవారాలు తీగలు పీకాడు. ఏదీ ఆగలేదు. తీగలు ఆయనవి, కరెంటు నాది. ఆయన పీకి చూడనిది నా మాట ఒక్కటే.

ఒక సోమవారం ఉదయం ఆ ఒక్క యూపీఎస్సూ కాలిపోయింది. యంత్రాలు, స్విచ్చులు, స్టోరేజీ అన్నీ ఒక్కసారే పడిపోయాయి. డిస్కులు సరిచూసుకుని, సర్వర్లు ఒక్కొక్కటీ లేచేసరికి సాయంత్రమైంది. అప్పటిదాకా రిపోర్టు లేదు, మందు లేదు. గరివిడి నుంచి ఆపరేషనుకి తెచ్చిన ఒక ముసలావిణ్ణి మళ్ళీ ఆటో ఎక్కించి పంపేశారు. ఆవిడ కొడుకు మా బావ చొక్కా పట్టుకున్నాడు. విడిపించింది నేనే. ఆ మాటేదో గొప్పగా చెప్పుకుంటున్నట్టుంది, కానీ విడిపించాను.

అందరి ముందూ మేనేజరు అడిగాడు, అన్నీ రెండేసి ఉన్నాయన్నావే, ఏవి అని. మా బావ అప్పుడే నా గదిలోంచి వచ్చాడు. నావైపు ఒకసారి చూశాడు. నాకు రిటైరవడానికి పది నెలలుంది, అది ఆయనకి తెలుసు.

"కరెంటుదాకా ఎల్లి సూసుకోవలసింది నేనే సార్. నా తప్పే" అన్నాడు.

మేనేజరు చూపు నేలమీంచి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. బయట సైకిల్‌స్టాండు దగ్గర మా బావ నన్ను ఆపాడు.

"నల్ల టేపు నీదే కదా బావా?"

"నాదే."

"ఓ ఫోను కొట్టకపోనావా."

అంతే. తిట్టుంటే బాగుండేది. తిట్టడం చేతకాని మనిషి కాదు. ల్యాబువాళ్ళని తిడితే వీధిదాకా వినపడేది.

ఆ సాయంత్రమే పొమ్మన్నారు. పనిలో నిర్లక్ష్యం అని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం చూసి విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ సర్వర్ల గదిలోకి ఎవరూ రానివ్వలేదు. గజపతినగరంలో దరఖాస్తులు నింపే జెరాక్సు కొట్లో చేరాడు. ఒకసారి వెళ్ళి చూశాను. ఒక ప్రింటరూ రెండు కంప్యూటర్లూ ఉన్న కొట్టుకి రెండు కంపెనీల ఇంటర్నెట్టు, రెండు వేరువేరు కిటికీల్లోంచి, వలదారంతో కట్టి ఉన్నాయి. ఓనరు నవ్వుతున్నాడు. నాకు టీ తెప్పించాడు మా బావ. ఆసుపత్రి మాటెత్తలేదు. నేను ఎత్తుతానేమో అని చూశాడనుకుంటాను. ఎత్తలేదు.

ఫ్లెక్సీ సంగతి మధ్యలో వదిలేశాను. దానికి రెండు తాళ్ళు కట్టారు, రెండూ ఒక్క స్తంభానికే. రెండోరోజు గాలికి తిరగబడి వెనకవైపు తెల్లగా కనబడింది.

పోయిన బుధవారం జరిగిందంతా ఒక ఉత్తరంగా రాసి, సంతకం పెట్టి, ఛైర్మను పేరున ఆసుపత్రిలో ఇచ్చాను. గుమస్తా ముద్ర వేసి, ఇంకో కాపీ ఉందా అని అడిగాడు. లేదన్నాను. వీధి చివరికెళ్ళి తీయించుకొచ్చాను. దానిమీదా ముద్ర వేసిచ్చాడు. అది పట్టుకుని బస్సెక్కి గజపతినగరం వెళ్ళి ఆయన భార్యకి ఇచ్చాను. గుమ్మంలో నిలబడే మొత్తం చదివింది.

"ఇది అప్పుడియ్యాల అన్నయ్యా" అంది.

కాగితం మడిచి లోపలికెళ్ళి టీ పెట్టింది. తాగి, మధ్యాహ్నం బస్సుకి వచ్చేశాను.